రంగు బాగా పట్టిన వీధి

ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. శిక్షణలో చెప్పనిది ఏమైనా ఉంటే చెప్పండి సార్ అని అడుగుతారు. నేను డాక్టరును కాను. మొదట హెల్త్ అసిస్టెంటుగా, తర్వాత సూపర్‌వైజరుగా కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో తిరిగి రిటైరైనవాణ్ణి. నా బదిలీలూ ప్రమోషన్లూ చదివితే మీకు ఒరిగేదేమీ లేదు. ఈ రోజుకీ నాకు ఆశ్చర్యం తీరని సంగతి ఒకటుంది. తలచుకుంటే సిగ్గుపడే సంగతి ఇంకొకటుంది. రెండూ ఒకే ఊళ్ళో, ఒకే వేసవిలో జరిగాయి. వాటినే రాస్తాను.

నీళ్ళు ఎవరివి

ముందు ఈ పని ఎలా పంచుకుని ఉంటుందో తెలియాలి. బోరు వేసి పైపులు పరిచేది నీటి సరఫరా ఇంజనీర్లు. పరిచాక పథకాన్ని పంచాయతీకి అప్పగిస్తారు. రోజూ మోటారు వేసి, ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు కలిపి, వీధి వీధికి వాల్వు తిప్పి నీళ్ళు వదిలేది పంచాయతీ పెట్టుకున్న నీళ్ళ మనిషి. అతను కలిపింది చాలినంత ఉందో లేదో పరీక్ష చేసేది మేము. అందరినీ ఒకచోట కూర్చోబెట్టేది మండల అధికారి. ఇంత చేసినా జనానికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే, అవి మాత్రం పూర్తిగా మా శాఖవే.

చేరిన కొత్తలో దీన్ని చూసి నవ్వుకునేవాణ్ణి. నలుగురి పని ఎవరి పనీ కాదనుకునేవాణ్ణి. వయసు పెరిగే కొద్దీ అదే నన్ను అబ్బురపరచసాగింది. మన రాళ్ళ సీమలో, వందల అడుగుల లోతు బండ కింద నుంచి వచ్చిన నీళ్ళు, ఒకరి ముఖం ఒకరు సరిగా చూడని నాలుగు ఆఫీసుల చేతులు దాటి, పసిబిడ్డ నోట్లోకి క్షేమంగా చేరుతున్నాయి. ఏడాదిలో చాలా రోజులు అదే జరుగుతోంది. దాన్ని ఎవరూ గమనించరు. రాని రోగం ఎవరి కంటికీ కనపడదు కదా.

కర్నూలు జిల్లాలో, ఆదోని వైపు, నా మొదటి పై అధికారి ఖాదర్ సార్. బక్కగా, పొడుగ్గా ఉండేవారు. నడిస్తే మేము పరుగెత్తాల్సి వచ్చేది. మా పరీక్ష చాలా చిన్నది. గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. వస్తే నీళ్ళలో క్లోరిన్ ఉన్నట్టు. రాకపోతే లేనట్టు. ఒకరోజు నేను ట్యాంకు కిందే పరీక్ష ముగించి గొట్టం కడుగుతుంటే వచ్చారు.

"ఏమప్పా, అయిపాయెనా?"

"అయింది సార్. పసుపు బాగా వచ్చింది."

"ట్యాంకుకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ట్యాంకు కాడ చూద్దువులే. ఇప్పుడు నడువు."

ఊరి చివర, పైపు ఆగిపోయే చోట, ఆఖరి కొళాయి దాకా నడిపించారు. అక్కడ పరీక్ష చేయించి, పసుపు రంగు వచ్చాక, దోసిలి పట్టి ఆ నీళ్ళే తాగారు. "ఈడ మంచిగుంటే ఊరంతా మంచిగున్నట్టే. ఈడికి రాకుండా సంతకం పెట్టినోడు నా కాడికి రావద్దు" అన్నారు.

చాలా ఏళ్ళు ఆ మాట తప్పలేదు. తర్వాత తప్పాను. ఎప్పటి నుంచి అని అడిగితే చెప్పలేను. సూపర్‌వైజరునయ్యాక ఊళ్ళు ఎక్కువయ్యాయి, మోకాళ్ళ నొప్పి మొదలైంది, జీపు ట్యాంకు దాకానే వెళ్ళేది. ఇవన్నీ కారణాల్లా కనిపిస్తాయి. కావు. ఎన్నోసార్లు ఆఖరి కొళాయి దాకా వెళ్ళినా పసుపు రంగే వచ్చింది కాబట్టి, వెళ్ళకపోయినా అదే వస్తుందనుకున్నాను. అంతే.

తొట్టి లేకుండా అద్దకం

రెండువేల సంవత్సరం దాటాక కడప జిల్లాకు మారాను. బద్వేలు వైపు ఒక నేతగాళ్ళ ఊరు నా పరిధిలోకి వచ్చింది. ఊరి పేరు రాయను. మేలు వీధి, కింది వీధి అని రెండు వీధులు. ట్యాంకు మేలు వీధి మొదట్లో ఉంది. ఒకే పైపు మేలు వీధి గుండా వచ్చి, మురుగు కాలువ దాటి, కింది వీధి చివర ఆగిపోయేది. ఇంటింటా, నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని నేసే గుంత మగ్గం. పగలంతా ఆ చప్పుడే.

నీళ్ళ మనిషి ఓబులేసు. ముప్పై ఐదేళ్ళుంటాయి. చేతిలో ఎప్పుడూ వాల్వు తిప్పే ఇనుప కడ్డీ ఉండేది. మేలు వీధి వాళ్ళు అతన్ని రోజూ తిట్టేవారు. కారణం బ్లీచింగ్. ఆ నీళ్ళలో నూలు అద్దితే లేత రంగులు నిలవవు, వెలిసిపోతాయి. అందుకని నేతగాళ్ళు కొళాయి నీళ్ళను తొట్టిలో పట్టి, మూత పెట్టకుండా రెండు రోజులు ఉంచి, వాసన పోయాక అద్దకానికి వాడేవారు. క్లోరిన్ గాలికి పోతుందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తాతల నాడు బావి నీళ్ళతో అద్దిన వాళ్ళు, కొళాయి వచ్చిన కొన్నాళ్ళకే సొంతంగా కనిపెట్టుకున్నారు.

కింది వీధి చివరి ఇల్లు చౌడమ్మది. యాభై ఏళ్ళు దాటిన మనిషి. భర్త రామలింగప్ప మగ్గం నేస్తే ఆమె అద్దకం చేసేది. చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. ఆ వేసవి మొదట్లో, ట్యాంకు దగ్గర నేను పరీక్ష చేస్తుంటే, నూలు చిలపలు, అంటే నూలు పోగుల కట్టలు, నెత్తిన పెట్టుకుని పోతూ ఆగింది.

"సార్, మా వీధికి నీళ్ళు మార్చినారా?"

"లేదే. ఏం?"

"ఈమధ్య తొట్టిలో నిలబెట్టే పనే లేదు. కొళాయి కింద పట్టి అట్లే అద్దినా రంగు నిలుస్తాండాది. లేత గులాబి గూడా."

"మంచిదే కదమ్మా. రెండు రోజుల పని తప్పింది."

"మంచిదే సార్. అయినా ఎందుకో అడగాలనిపించె."

నేను నవ్వాను. పక్కనే ఉన్న ఓబులేసుతో, "చూడు, కింది వీధిలో నీకు మంచి పేరు వస్తోంది" అన్నాను. అతనూ నవ్వాడు. రిజిస్టరు తీసి, ట్యాంకు దగ్గర పసుపు అని రాశాను. దాని కింద 'ఆఖరి కొళాయి' అనే గడి ఉంటుంది. అందులోనూ పసుపు అని రాశాను. ఆఖరి కొళాయి చౌడమ్మ ఇంటి ముందుదే. అక్కడి నీళ్ళలో క్లోరిన్ లేదని ఆమె నోటితో చెప్పి పది నిమిషాలు కాలేదు. నాకు వినపడలేదు. నేను విన్నది రంగు గురించి మాత్రమే.

బడి వరండా

ఎండలు ముదిరి, బోరు తగ్గి, నీళ్ళు మూడు రోజులకొకసారి వదలసాగారు. ఒకరోజు కింది వీధిలో ఐదు ఇళ్ళ వాళ్ళకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మరునాటికి ఇంకొన్ని ఇళ్ళు. బడిలో శిబిరం పెట్టాం. మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మకు అది మొదటి ఉద్యోగం. వచ్చీ రాగానే బడి గోడలకు మేకులు కొట్టించి, సెలైన్ సీసాలు వేలాడదీసింది. కళ్ళు లోపలికి పోయి, చర్మం గిల్లితే గిల్లినట్టే నిలబడిపోయిన మనిషి, రెండు సీసాలు ఎక్కాక లేచి "రొంత గంజి ఉంటే పోస్తారా" అని అడగడం నేను ఎన్నోసార్లు చూశాను. ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది. ఉప్పు, నీళ్ళు. అంతే. అంతకన్నా పెద్ద మహిమను నేను చూడలేదు.

రామలింగప్ప బడికి రాలేదు. మగ్గం మీద పడుగు సగంలో ఉందని, బయటికి పోయి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ గుంతలోకే దిగాడట. కాళ్ళు పనిచేయక గుంతలోంచి లేవలేకపోయాక చౌడమ్మ కేక వేసింది. జీపులో బద్వేలు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. జీపులో నేనూ ఉన్నాను. ఆమె ఏడవలేదు. రంగు మరకల చేత్తో ఆయన పాదం పట్టుకుని కూర్చుంది.

డాక్టరమ్మ ఓబులేసును పిలిచి బ్లీచింగ్ రెండింతలు వేయమంది. వేశాడు. మేలు వీధి వాళ్ళు ముక్కులు మూసుకున్నారు. కింది వీధిలో మాత్రం కొత్తగా జనం పడిపోతూనే ఉన్నారు. ట్యాంకరు నీళ్ళు తెప్పించినా అవి వంటకే చాలేవి కావు. తాగడానికీ, మిగతాదానికీ కొళాయే. నా రిజిస్టరులో ఆఖరి కొళాయి దగ్గర పసుపు అని ఉంది కాబట్టి, అక్కడ మళ్ళీ పరీక్ష చేయమని ఎవరూ అడగలేదు.

రామలింగప్ప పోయిన నాలుగో రోజు మండల అధికారి అందరినీ బడి వరండాలో కూర్చోబెట్టాడు. నీటి సరఫరా ఇంజనీరు, కిరాణా అంగడి నడిపే సర్పంచి శెట్టి గారు, డాక్టరమ్మ, నేను. ఓబులేసు మెట్ల కింద నిలబడ్డాడు. పైపు తవ్వి చూడాలని డాక్టరమ్మ అడిగింది. ఇంజనీరు చెడ్డవాడు కాదు. కానీ తవ్వితే ఊరంతటికీ నీళ్ళు ఆపాలి, ఆ ఎండల్లో అది చిన్న మాట కాదు. ఆయన నా రిజిస్టరు తిప్పి చూశాడు.

"ఆఖరి కొళాయిలో పసుపు అని మీవాళ్ళే రాసినారు గదా డాక్టరుగారూ. వారం వారం ఉండాది. క్లోరిన్ ఆఖరి దాకా పోతాంది అంటే పైపు మంచిదే. ఈ నడుమ మీ మనిషి బ్లీచింగ్ ఎగ్గొట్టినాడేమో, శెట్టి గారూ?"

శెట్టి గారు ఓబులేసు వైపు చూశాడు. "ఏమిరా?"

"ఒగ దినం గూడా మానలే సామీ. మేలు వీధి వాళ్ళ తిట్లే సాక్ష్యం."

నేను రాసిన ఒక్క మాట నన్ను కాపాడుతోంది, పైపును కాపాడుతోంది, ఓబులేసు మెడకు చుట్టుకుంటోంది. అన్నిటికన్నా ఘోరం, తవ్వకుండా అడ్డుపడుతోంది. తవ్వకపోతే ఇంకెవరో పోతారు. ఇదంతా నాకు అప్పుడే తెలుసు. తర్వాత తెలిసిందని అబద్ధం చెప్పను. నోరు విప్పాలి. విప్పలేదు.

వాకిళ్ళ ముందు చిలపలు

అంతలో కింది వీధి నుంచి ఎవరో వచ్చి ఓబులేసు చెవిలో ఏదో చెప్పారు. అతను మెట్టెక్కి, "సార్, చౌడమ్మత్త మిమ్మల్నందర్నీ ఒగసారి వీధిలోకి రమ్మంటాంది. ఆమె రాగూడదు, మైలలో ఉండాది" అన్నాడు.

ఇంజనీరు విసుక్కున్నాడు. డాక్టరమ్మ లేచింది. ఆమె లేచింది కాబట్టి అందరం లేచాం.

నేతగాళ్ళ వీధిలో నూలు చిలపలు ఆరేసి ఉండడం వింత కాదు. మేలు వీధిలో అడుగు పెట్టినప్పుడు మాకేమీ తోచలేదు. ప్రతి వాకిలి ముందూ ఒక కుండ నీళ్ళు, దాని మీద కర్రకు తడి చిలప ఒకటి. అన్నీ పాలిపోయిన తెలుపు. నడుస్తున్నాం. మేలు వీధి అయింది. మురుగు కాలువ దాటాం. కాలువ అవతల మొదటి వాకిట్లో చిలప గులాబి రంగులో ఉంది. రెండోది గులాబి. మూడోది గులాబి. అక్కడి నుంచి వీధి చివర దాకా, ఒక్కటి కూడా వెలవకుండా, అన్నీ లేత గులాబి.

ఇంజనీరు వెనక్కి తిరిగి కాలువ వైపు చూస్తూ నిలబడిపోయాడు.

చౌడమ్మ తన గడపలోనే కూర్చుని ఉంది. మైలలో ఉన్నందున ఎవరి ఇంటికీ పోకూడదు. అందుకని ఒకే రోజు, ఒకే తొట్టిలో లేత గులాబి అద్దిన చిలపలు మైల లేని చెల్లెలి చేత ఇంటింటికీ పంపించింది. అది నీళ్ళు వదిలే రోజే కాబట్టి, ఎవరి కొళాయి నీళ్ళు వాళ్ళ కుండలోనే పట్టి, పొద్దున నుంచి మూడు సార్లు నీళ్ళు మార్చి ముంచమని చెప్పింది. నలుగురు అధికారులం తేల్చలేనిదాన్ని, గడప దాటకూడని మనిషి వీధి పొడవునా రాసి చూపించింది.

"బ్లీచింగ్ రెండింతలు వేసినారంట గదా సార్. మేలు వీధిలో నూలు తెల్లగయింది. మా కాడ రంగు చెక్కుచెదరలే. ఆ మందు యాడ పాయె? కాలువ కాడనే ఏదో దాన్ని తినేస్తాంది." అని నా వైపు చూసింది. "ఆ పొద్దే అడిగితి. సార్ నవ్విరి."

ఆ మాటలో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

నేను అప్పుడు చేసింది సగం ధైర్యం. పరీక్ష డబ్బా తీసి, ఆమె కొళాయి నీళ్ళు గొట్టంలో పట్టి, అందరి ముందూ చుక్కలు వేశాను. పసుపు రాలేదు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. "ఈరోజు లేదు" అన్నాను. ఈరోజు అన్నాను. ఆ మాటను జాగ్రత్తగా ఏరుకుని అన్నాను.

తవ్వకం గంటలోపే మొదలైంది. ఇంజనీరు చొక్కా విప్పి తానే గుంతలో దిగాడు. శెట్టి గారు అంగడి మూసి గంపలు తెచ్చాడు. మగ్గాలు ఆపి నేతగాళ్ళు గడ్డపారలు పట్టారు. ఇది ఎవరి పని అని ఎవరూ అడగలేదు. కాలువ కింద పైపు అతుకు ఊడి ఉంది. నీళ్ళు వదిలినప్పుడు బయటికి కారేది. వదలని రోజుల్లో ఖాళీ పైపు ఆ మురుగునే లోపలికి పీల్చేది. పొద్దు వాలకముందే కొత్త పైపు పడింది. పైపంతా బ్లీచింగ్ నీళ్ళతో కడిగించారు. రెండు రోజుల తర్వాత కొత్త కేసు ఒక్కటి కూడా రాలేదు. నేను చూసిన ప్రభుత్వం అంటే, నాకు ఆ గుంత చుట్టూ నిలబడ్డ ఆ మధ్యాహ్నమే గుర్తుకొస్తుంది.

మీరే చెప్తారనుకుంటి

తర్వాత నివేదిక రాశారు. అతుకు ఎప్పుడు ఊడిందో తెలియాలి కదా. నా రిజిస్టరు ప్రకారం ముందు వారం దాకా ఆఖరి కొళాయి బాగుంది. అంటే అతుకు ఈమధ్యే ఊడింది, వాల్వు తిప్పేవాడు లీకును చూసి చెప్పలేదు, కాబట్టి తప్పు ఓబులేసుది. అందరూ సంతకాలు పెట్టారు. నేనూ పెట్టాను. పంచాయతీ అతన్ని పనిలోంచి తీసేసింది.

మూడో రోజు పొద్దున ఓబులేసు మా క్వార్టర్స్‌కు వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. వాల్వు కడ్డీ పంచాయతీకి అప్పగించాడు కాబోలు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"సార్, నేను మూడేండ్ల నుంచి కింది వీధి వాల్వు తిప్పుతాండా. ఆఖరి కొళాయి కాడ మిమ్మల్ని ఒగసారన్నా చూళ్ళేదే."

నేను అతని ఖాళీ చేతుల వైపు చూశాను.

"మీటింగులో నేను ఆ మాట అనలే. మీరు పెద్దోళ్ళు, మీరే చెప్తారనుకుంటి."

అంతే అని వెళ్ళిపోయాడు. బెదిరించలేదు, బతిమాలలేదు. అతను ఆ రోజు వరండా మెట్ల కింద నిలబడి, నోటి దాకా వచ్చిన నిజాన్ని నాకోసం దిగమింగుకున్నాడు. నేను నా అబద్ధాన్ని అతని మీద వేశాను.

ఆ మధ్యాహ్నమే మా పై అధికారి దగ్గరికి పోయి చెప్పాను. ఆయన తలుపు మూసి, "రోగం తగ్గింది, ఊరు ఊరుకుంది. ఇప్పుడు నువ్వు తవ్వుకుంటే మన శాఖ మొత్తం గుంతలో పడుతుంది. పోయి పని చూసుకో" అన్నాడు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నాడని అప్పుడనుకున్నాను. ఇప్పుడు అనుకోను. ఒకరి వాటా బాధ్యతను ఇంకొకరి మీదికి తోయడాన్ని మేము శాఖ గౌరవం అని పిలుచుకునేవాళ్ళం.

మరుసటి వారం మండల సమావేశంలో లేచి, ఆఖరి కొళాయి గడి నేను చూడకుండా నింపానని, అది ఎన్నేళ్ళ నుంచో చెప్పలేనని, చౌడమ్మ ముందే చెప్పినా పట్టించుకోలేదని చెప్పి, అదే కాగితం మీద రాసిచ్చాను. నాకు శిక్ష పడింది. పడాల్సిందే. దాని వివరం అనవసరం. ఓబులేసును తిరిగి తీసుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు అతను వేంపల్లె వైపు కూలికి పోయాడు. నేను ఆ రోజే వరండాలో నోరు విప్పి ఉంటే ఆ రెండు నెలలు ఉండేవి కావు. వేసవి మొదట్లో ఆఖరి కొళాయి దాకా నడిచి ఉంటే రామలింగప్ప పడుగు పూర్తి చేసి ఉండేవాడు. దీన్ని మెత్తగా చెప్పే దారి నాకు తెలియదు.

పిల్లలూ, మీకు నేను చెప్పగలిగింది ఒకటే. మీ గొట్టంలో రంగు చూడండి, కానీ మీకన్నా ముందే రంగు చూసినవాళ్ళు ఊళ్ళో ఉంటారు. వాళ్ళు మీ భాషలో చెప్పరు. నూలు గురించో, పెరుగు తోడు గురించో, గేదె మూతి తిప్పుకోవడం గురించో చెప్తారు. ఆగి వినండి.

రిటైరయ్యే ముందు ఆ ఊరికి ఆఖరిసారి పోయాను. జీపును ట్యాంకు దగ్గర ఆపించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంటూ కింది వీధి చివరి దాకా నడిచాను. ఓబులేసు కడ్డీ భుజాన వేసుకుని పక్కన నడిచాడు. చౌడమ్మ కొళాయి కింద గొట్టం పట్టి చుక్కలు వేశాను. నీళ్ళు పసుపు రంగుకు తిరిగాయి. గొట్టాన్ని ఎత్తి ఆమెకు చూపించాను.

ఆమె దానివైపు చూడనే లేదు. వాకిట్లో నిండా నీళ్ళున్న తొట్టిని చూపించింది.

"నాకేమిటికి చూపిస్తావు సార్. మల్ల రెండు దినాలు నిలబెట్టుకోవాల్సి వస్తాంది. వీని చేతికి తెగులు పుట్ట, ఎంత మందు పోస్తాండాడో."

ఓబులేసు తల వంచుకుని నవ్వాడు. నేను కొళాయి కింద దోసిలి పట్టి తాగాను.